రాతి మీద పేరు

నా వాచీలో మూడు దాటి పది నిమిషాలు. నాలుగింటికి బండి వస్తుందనీ, లోరెంజ్ ఫీబిగ్‌ని ముందు తలుపులోంచే జైలుకి తీసుకెళ్తాననీ పోలీసు కెప్టెన్ ప్రూయిట్ అప్పటికి మూడుసార్లు చెప్పాడు. తలుపుకీ బండికీ మధ్య పది అడుగులుంటాయి. ఆ పది అడుగులూ ఫీబిగ్ ప్రాణాలతో దాటలేడని ఆ భవనంలో అందరికీ తెలుసు. ప్రూయిట్‌కి అందరికంటే బాగా తెలుసు.

బయట స్ప్రూస్ వీధి నిండా ఎర్రచొక్కాలు. ఈగిల్ ఫైరింజన్ కంపెనీ కుర్రాళ్ళు, రెండొందల మందికి తక్కువుండరు. వాళ్ళ నాయకుడు నాథనియేల్ డగన్ ఆ మధ్యాహ్నమే ఈ అచ్చుకూటం మూడో అంతస్తులో తల పగిలి చచ్చిపోయాడు. మర్నాడు ఎన్నికల్లో వార్డు సభ్యుడిగా నెగ్గాల్సినవాడు. వాళ్ళ దుఃఖం నిజమైనదే, కాదనను. కానీ ఆ దుఃఖానికి మందుగా ఒక జర్మన్‌వాణ్ణి దీపస్తంభానికి వేలాడదీద్దామనుకుంటున్నారు. అక్కడే నాకూ వాళ్ళకీ పేచీ.

ఫీబిగ్ దంపతులు మా ఇంట్లోనే కింది వాటాలో ఉంటారు. అతను అచ్చురాళ్ళ మీద బొమ్మలు గీస్తాడు, వాటిని కాగితాల మీదకి అచ్చేస్తారు. భార్య క్లారా అదే అచ్చుకూటంలో పై అంతస్తున, ఆ బొమ్మలకి రంగులేసే ఆడవాళ్ళ బల్ల దగ్గర పని చేస్తుంది. ఆమె కబురు పంపితే రెండుంబావుకి వచ్చాను. రెండున్నరకల్లా వెనక సందు కూడా ఎర్రబడిపోయింది. అంటే నేనూ లోపల ఇరుక్కున్నట్టే. ఉన్నది ఒక్కటే మెట్లదారి. నా ఎడమ మోకాలు పనిచెయ్యడం మానేసి ఆరేళ్ళయింది, కాబట్టి కిటికీలోంచి దూకే ఆలోచన కూడా రాలేదు.

"ఇంకా ఏం వెతుకుతావ్ టటిల్?" అన్నాడు ప్రూయిట్. మూడో అంతస్తులోని అచ్చురాళ్ళ గదిలో కిటికీ గట్టు మీద కూర్చుని ఆపిల్ కొరుకుతున్నాడు. "పోలీసుల్లోంచి నిన్ను పంపించేసినా బుద్ధి రాలేదు. కోర్టుకి కావలసింది నా జేబులో ఉంది."

"నన్ను పంపించింది నువ్వే కదా. ఆ మాట కూడా కలిపి చెప్పు, ఫీబిగ్ వింటాడు."

ఫీబిగ్ వినే స్థితిలో లేడు. గది మూల నమూనాలు లాగే చిన్న అచ్చు యంత్రం ఉంది. దాని ఇనుపకాలికి అతని కుడిచేతిని బేడీతో కట్టేశారు. నేల మీద కూర్చున్నాడు. పెదవి చిట్లింది. అది ప్రూయిట్ మనుషుల పని. అతని ముందే, నాలుగు అడుగుల దూరంలో, డగన్ పడిన చోట నెత్తురు మరక ఎండుతోంది. శవాన్ని కిందికి దించారుగానీ మరక మీద చల్లడానికి పిడికెడు ఇసక ఎవరికీ దొరకలేదు. ఈ గదిలో రాళ్ళు నూరేదే ఇసకతో. నాకు కోపం వచ్చింది. నేనే చల్లాను.

"సరే, మళ్ళీ మొదట్నుంచి చెప్పు," అన్నాను ప్రూయిట్‌తో.

"ఎన్నిసార్లు చెప్పను? పన్నెండింటికి గంట కొట్టారు. మగాళ్ళంతా తిండికి వీధి చివర బీరు కొట్టుకి పోయారు. పన్నెండూ అయిదుకి డగన్ వచ్చి, తన ఎన్నికల బొమ్మ ఎలా వచ్చిందో చూస్తానని పైకెక్కాడు. పన్నెండున్నరకి యజమాని వెదర్‌బీ పైకొస్తే డగన్ ఆ బల్ల పక్కన పడున్నాడు. నూరే రాయితో నెత్తిమీద ఒకే దెబ్బ. బల్లమీద ఖాళీ అచ్చురాయి. చచ్చేముందు డగన్ రాళ్ళ మీద బొమ్మలు గీసే కొవ్వు సుద్ద అందుకుని దానిమీద చంపినవాడి పేరు రాశాడు. ఫీబిగ్ అని."

"ఫీబిగ్ ఎందుకు చంపుతాడు?"

ప్రూయిట్ నవ్వాడు. "పోయిన గురువారం జరిగింది నీకు తెలీదా? నా ముక్కు ఇంత పెద్దగా గీస్తావా అని డగన్ వీణ్ణి అందరి ముందూ లాగి కొట్టాడు. కొట్టు కొట్టంతా నవ్వింది."

"ముక్కు పెద్దదే," అన్నాడు ఫీబిగ్ నేల మీంచి. నేనొచ్చాక అతను మాట్లాడిన మొదటి మాట అదే. "నేను చిన్నదిగానే గీశాను."

"చూశావా పొగరు?"

"పన్నెండు నుంచి పన్నెండున్నర దాకా ఎక్కడున్నావ్ లోరెంజ్?"

"పైన. క్లారాతో. రొట్టే, ఉల్లిపాయా తిన్నాను. పన్నెండూ ఇరవైకి పెరట్లోకి దిగి పంపు దగ్గర చేతులు కడుక్కున్నాను. అరుపులు విని పైకొచ్చాను."

"పెరట్లో నిన్ను ఎవరు చూశారు?"

"ఎవరూ చూళ్ళేదు."

ప్రూయిట్ ఆపిల్ గింజల్ని కిటికీలోంచి విసిరాడు. కింద నుంచి అరుపు లేచింది. వెంటనే ఒక ఇటుకముక్క పక్క కిటికీ అద్దాన్ని పగలగొట్టుకుని లోపలికొచ్చి పడింది. ప్రూయిట్ గట్టు దిగి గోడ పక్కకి జరిగాడు. తొందరేం లేనట్టు జరిగాడుగానీ మెడ మీద చెమట నాకు కనిపించింది.

"వాళ్ళని పంపించెయ్యొచ్చు నువ్వు."

"నలుగురు మనుషుల్తోనా? పైగా ఎందుకు పంపించాలి? వార్డులో నేనూ బతకాలి టటిల్. డగన్ కుర్రాళ్ళకి ఒంటిగంటకి మాటిచ్చాను, వాణ్ణి ముందు తలుపులోంచే తెస్తానని."

ఇంత సిగ్గులేకుండా చెప్తాడని నేననుకోలేదు. ఆ క్షణాన వాడి మొహం చూడబుద్ధి కాలేదు నాకు.

అప్పుడే యజమాని సైలస్ వెదర్‌బీ గుమ్మంలో నిలబడ్డాడు. సన్నటి మనిషి, మాట మెత్తన, గోళ్ళు శుభ్రం. "కెప్టెన్ గారూ, బండి తొందరగా రప్పించే వీలుందా? పైన ఆడవాళ్ళు బెదిరిపోతున్నారు. పని ఆపొద్దని చెప్పాను. పని చేస్తుంటే మనసు కుదుటపడుతుంది."

"ఏం పని వెదర్‌బీ గారూ?" అన్నాను.

"డగన్ గారి బొమ్మలేనండీ. రాత్రికల్లా వీధుల్లో ఉండాలి. అందరూ అడుగుతారు కదా పాపం, ఆయన గుర్తుగా."

అంటే పైన, క్లారా తన వంతు రంగేస్తోంది. ఆ బల్ల దగ్గర ఒక్కొక్కరికీ ఒక్కటే రంగు. ఆమెది ఎరుపు. తన మొగుణ్ణి చంపడానికి కింద నిలబడ్డ చొక్కాల రంగే బొమ్మల మీద పూస్తోంది. 

"శవాన్ని మొదట చూసింది మీరేనా?"

"నేనే. దుకాణంలో ఉన్నాను, తలుపు గడియ పెట్టుకుని. పైన ఏదో పడ్డ చప్పుడైంది."

"రాయి ఏది? పేరు రాసిన రాయి?"

వెదర్‌బీ తల దించుకున్నాడు. "నూరించేశానండీ. ఆ రాత పనివాళ్ళ కళ్ళబడడం నాకు ఇష్టం లేకపోయింది. కానీ ముందే దానిమీద తడికాగితం పరిచి ఒక లాగు లాగి కెప్టెన్ గారికిచ్చాను. సుద్ద పచ్చిగా ఉంది కదా, ఉన్నదున్నట్టు దిగింది."

"చాలా ముందుచూపు మీకు."

"సాక్ష్యం కదండీ," అని మెట్లు దిగిపోయాడు.

నేను కాస్పర్‌ని పిలిపించాను. అచ్చు యంత్రం తిప్పే ముసలాయన, ఇరవై రెండేళ్ళుగా అదే పని. భుజాలు దూలాల్లా ఉంటాయి, నోట్లో నాలుగు పళ్ళు మిగిలాయి. యజమాని తర్వాత గదిలోకొచ్చింది అతనేనని కింద కానిస్టేబుల్ చెప్పాడు.

"ఎన్నింటికొచ్చావ్ కాస్పర్?"

"పన్నెండూ ముప్ఫై అయిదండీ. పైపు మర్చిపోయి వెనక్కొచ్చాను. పైపు లేకపోతే నాకు బీరు దిగదు."

"వచ్చేసరికి ఏం చూశావ్?"

"డగన్ గారు పడున్నారు. అయ్యగారు బల్ల దగ్గర నిలబడున్నారు. చేతిలో గుడ్డ."

"గుడ్డా? ఎలాంటి గుడ్డ?"

"రాళ్ళు తుడిచేదండీ, తడిది. నన్ను చూసి ఉలిక్కిపడ్డారు పాపం. 'చూడు కాస్పర్, ఫీబిగ్ పేరు రాసి చచ్చిపోయాడు' అన్నారు. చూశాను. నిజవే, ఫీబిగ్ అనే ఉంది. అప్పుడు అయ్యగారు, 'ఇది చెరిగిపోతుంది, కాగితం మీదకి తీద్దాం' అన్నారు. నేనే యంత్రం తిప్పాను. తర్వాత నూరెయ్యమంటే రాయి నూరేశాను."

"విన్నావుగా," అన్నాడు ప్రూయిట్. జర్మన్లందరూ వాడికి డచ్చోళ్ళే. "వీడు కూడా డచ్చోడే. తనవాణ్ణి కాపాడాలనుకున్నా వీడి నోటంట అదే మాటొచ్చింది. పేరు రాతి మీద ఉంది, వీడు చదివాడు."

"చదివాను," అన్నాడు కాస్పర్. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "నన్ను క్షమించు లోరెంజ్. చదివింది చదవలేదని ఎలా అంటాను?"

ఫీబిగ్ తల కూడా ఎత్తలేదు.

నా దారులన్నీ ఒక్కొక్కటే మూసుకుపోతున్నాయి. వాచీ మూడూ ఇరవై రెండు చూపిస్తోంది. కింద ఎర్రచొక్కాలు డగన్ పేరు పెట్టి జై కొడుతున్నారు, ప్రతి జైకీ నేల అదురుతోంది. "ఆ కాగితం ఒక్కసారి చూపించు," అన్నాను.

"చూడు. ముట్టుకోకు." ప్రూయిట్ తోలుసంచీలోంచి కాగితం తీసి, కిటికీ వెలుతురుకి ఎత్తి పట్టుకున్నాడు. బూడిదరంగు సుద్ద, వణికిన గీతలు, పెద్దపెద్ద అక్షరాలు. ఎడమ నుంచి కుడికి చక్కగా చదువుకోవచ్చు: ఫీబిగ్. "చచ్చేవాడి చేతిరాత. పన్నెండుమంది జ్యూరీ పెద్దలు దీని ముందు నోరెత్తరు."

 చక్కగా చదువుకోవచ్చు అన్న మాటే బుర్రలో తిరుగుతోంది. బల్లమీద ఇంకో రాయి ఉంది, డగన్ ఎన్నికల బొమ్మ గీసినది. ఫైరింజన్ పక్కన డగన్, కింద పెద్ద అక్షరాల్లో అతని పేరు. నేను ఆ పేరు చదవబోయి చదవలేకపోయాను. బల్లకి తగిలించిన చేతి అద్దంలో చూస్తే తప్ప నాలాంటి వాడు దాన్ని చదవలేడు. పదిహేనేళ్ళుగా ఈ వీధిలో తిరుగుతున్నాను, కింది వాటాలో రాతిబొమ్మలు గీసేవాణ్ణి పెట్టుకున్నాను. ఇది ఎప్పుడో తట్టాల్సింది. నిజంగా సిగ్గేసింది నాకు.

"కాస్పర్, రాతి మీద పేరు ఎటునుంచి చదివావ్?"

"ఎటునుంచేంటండీ? కుడి నుంచి."

"కుడి నుంచి ఎడమకా?"

"అంతే కదండీ! రాతిమీద అక్షరం అలాగే కదా ఉంటుంది. ఇరవై రెండేళ్ళుగా అలాగే చదువుతున్నా. మా ఆవిడ ఉత్తరం రాస్తే అదే తిరగేసున్నట్టుంటుంది నాకు."

"ఏంటీ గోల?" అన్నాడు ప్రూయిట్.

"గోల కాదు. ఇలా రా. ఆ సుద్ద తీసుకుని, ఈ ఖాళీ రాయి మీద నీ పేరు రాయి."

"నీకు మతిపోయిందా?"

"పేరు రాయడం కూడా రాదని కాస్పర్ అనుకుంటాడు, చూసుకో."

పౌరుషం వాడికి ఎప్పుడూ తక్కువ లేదు. సుద్ద లాక్కుని రాతి మీద ప్రూయిట్ అని బరబరా గీశాడు. కాస్పర్ ఆ రాతని చూసి చిన్నపిల్లాడిలా నవ్వాడు. "అయ్యో కెప్టెన్ గారూ, తిరగేసి రాశారు."

"తిన్నగానే రాశాను కదరా!"

"కాగితం పరిచి ఒక లాగు లాగు కాస్పర్," అన్నాను.

ఫీబిగ్ తనను కట్టేసిన యంత్రం దగ్గర్నుంచి గొలుసు ఉన్నంత మేర జరిగి చోటిచ్చాడు. కాస్పర్ రాయిని ఎక్కించాడు, తడికాగితం పరిచాడు, చేతికర్ర తిప్పాడు. కాగితం ఒలిచి ప్రూయిట్ చేతిలో పెట్టాడు. కెప్టెన్ గారి పేరు వెనక్కి తిరిగి కూర్చుంది. ఒక్క అక్షరం కూడా చదవడానికి లేదు.

ప్రూయిట్ ఆ కాగితాన్నీ, తోలుసంచీలోని కాగితాన్నీ పక్కపక్కన పెట్టి చూశాడు. చాలాసేపు చూశాడు. వాడు దుర్మార్గుడే కానీ మొద్దు కాదు.

"డగన్ గనక రాసుంటే..." అన్నాడు నెమ్మదిగా.

"డగన్ ఫైరింజన్ తోలేవాడు. నీలా, నాలా రాస్తాడు. అప్పుడు నీ సాక్ష్యం ఇదిగో, ఇలా తిరగబడి దిగేది. నీ కాగితం తిన్నగా ఉందంటే రాతి మీద తిరగేసి ఉంది. తల పగిలి చస్తున్నవాడు తిరగేసి రాస్తాడా? అలా రాసేవాడు ఒక్కడే. రాయి కనబడితే చాలు, చెయ్యి దానంతటదే కుడి నుంచి నడిచేవాడు. హడావిడిలో అలవాటు కొంప ముంచింది."

"మరి ఎవడూ అడగలేదేం?"

"ఎవరడగాలి? నీకు కాగితమే చూపించారు. కాస్పర్ రాయిని చూశాడుగానీ అతనికి రాతిమీద తిన్నగా రాస్తేనే వింత."

 కాస్పర్ తల బాదుకున్నాడు, చప్పుడయ్యేలా.

ప్రూయిట్ అంత తేలిగ్గా దిగే రకం కాదు. "అయితే ఏంటి? తిరగేసి రాసేవాడు వీడు కూడా. ఈ ఫీబిగ్‌గాడు."

"మనిషిని చంపి తన పేరే రాసిపెట్టి పోతాడా? బాగా ఆలోచించి చెప్పు."

నేను వాచీ చూశాను. మూడూ ముప్ఫై నాలుగు.

"ఇక్కడ రాతిమీద అక్షరాలు రాసేదెవరు కాస్పర్? బొమ్మలు కాదు, అక్షరాలు."

"పిమ్ గారండీ. బొమ్మలు లోరెంజ్, అక్షరాలు పిమ్ గారు. ఎవరి పని వాళ్ళది. కానీ ఆయన జ్వరంతో మంచమెక్కి రెండు వారాలైంది."

"డగన్ బొమ్మ గీసింది పోయిన వారమే కదా. మరి దాని కింద పేరు ఎవరు రాశారు?"

"అయ్యగారే. కుర్రతనంలో బోస్టన్‌లో అక్షరాల పనే చేశారంట. చెయ్యి భలే తిరిగిందిలెండి, పిమ్ గారికంటే బావుంది."

 ప్రూయిట్ నన్ను చూశాడు, నేను వాణ్ణి చూశాను. ఫీబిగ్ మొదటిసారి తలెత్తాడు.

"పైకెళ్ళి క్లారాని రమ్మను కాస్పర్. రంగేసిన డగన్ బొమ్మ ఒకటి పట్టుకురమ్మను," అన్నాను.

క్లారా పరుగెత్తుకుంటూ వచ్చింది. వేళ్ళకి ఎర్రరంగు అంటుకునే ఉంది. ముందు మొగుడి దగ్గరికెళ్ళి మోకాళ్ళమీద కూర్చుని, చిట్లిన పెదవిని నడుముకి కట్టుకున్న పని గుడ్డ అంచుతో అద్దింది. "నొప్పిగా ఉందా?" అంది. "లేదు," అన్నాడు అతను. "అబద్ధం," అంది. తర్వాతే బొమ్మ నా చేతికిచ్చింది. రంగు ఇంకా ఆరలేదు.

డగన్ పేరులోనూ ఇంగ్లీషు 'జి' అక్షరం ఉంది, ఫీబిగ్ పేరు చివరా అదే అక్షరం ఉంది. బొమ్మ మీది జి తోక కిందికి దిగి, లోపలికి ముడుచుకుని, చేపల గాలంలా చిన్న కొక్కెంతో ఆగింది. సాక్ష్యం కాగితం మీది జి కూడా అచ్చం అంతే. చచ్చేవాడిలా గీతల్ని వణికించాడుగానీ తోకని మార్చడం మర్చిపోయాడు.

"మా పిమ్ గారు తోక పెట్టరు," అంది క్లారా. "అది అయ్యగారి జి. వారం రోజులుగా చూస్తున్నా, రోజుకి మూడొందల బొమ్మల మీద. కళ్ళు మూసుకున్నా కనిపిస్తోంది."

ప్రూయిట్ గోడకి చేరబడ్డాడు. "వెదర్‌బీ ఎందుకు చంపుతాడు? డగన్ వాడికి గిరాకీ."

"డగన్ జేబుల్లో ఏం దొరికింది?"

"ఏముంటాయి? కత్తి, చిల్లర, పొగాకు. ఒక ఓటు చీటీ." తోలుసంచీలోంచి దాన్ని తీసి బల్లమీద పడేశాడు. "రేపు ఓటర్లు డబ్బాలో వెయ్యడానికి వాళ్ళ పార్టీ పంచే చీటీ. దాంట్లో ఏముంది?"

చీటీ మీద పైన ఫైరింజన్ బొమ్మ, దాని పక్కన డగన్ పేరు, అదే కొక్కెం జి. నేను కింద చిన్న అక్షరాల్లో పేర్లు చదివాను. మేయరు మొదలుకుని వార్డు సభ్యుడి దాకా ఒక్కడు కూడా డగన్ పార్టీవాడు కాదు. అందరూ అవతలి పక్షం. వార్డులో సగంమందికి చదువు రాదు. పైన ఫైరింజన్ బొమ్మ చూసి మడతపెట్టి డబ్బాలో వేస్తారు. డగన్ మనుషులే డగన్‌ని ఓడిస్తారు.

ప్రూయిట్‌కి చీటీ తిప్పి చూపించాను. వాడు పెదాలు కదుపుతూ చదివాడు.

"డగన్ బొమ్మ చూడ్డానికి రాలేదు," అన్నాను. "ఈ దొంగచీటీ ఎక్కడ అచ్చయిందో నిలదియ్యడానికొచ్చాడు. దాన్ని నీ సంచీలో పెట్టుకుని నువ్వు రెండు గంటలుగా ఆపిల్ తింటున్నావ్."

కొడతాడనుకున్నాను. కొట్టలేదు. "కాస్పర్," అన్నాడు గొంతు తగ్గించి, "కిందికెళ్ళి మీ అయ్యగారిని పిలు. ఏం చెప్పకు. కెప్టెన్ పిలుస్తున్నాడను, చాలు."

కాస్పర్ మెట్లు దిగాడు. ప్రూయిట్ తాళంచెవి తీసి ఫీబిగ్ బేడీ విప్పాడు. క్షమాపణ చెప్పలేదుగానీ లేవడానికి చెయ్యి అందించాడు. ఫీబిగ్ ఆ చెయ్యి అందుకోలేదు, క్లారా భుజం పట్టుకుని లేచాడు. నాకు నిజంగా సంతోషమేసింది. బతికిపోయాడు, ఇంక ఫరవాలేదు అనుకున్నాను. నా జన్మలో అంత తెలివితక్కువ ఆలోచన ఇంకోటి రాలేదు.

ఎందుకంటే కింద మెట్లమీద కాస్పర్ గొంతు వినిపించింది. ఎంత మంచివాడో అంత పెద్ద గొంతు అతనిది. "అయ్యగారూ! కెప్టెన్ గారు రమ్మంటున్నారు. నాకేం తెలీదండీ. ఏదో మీ జి అక్షరం గురించి!"

"చంపాడు," అన్నాడు ప్రూయిట్.

అడుగుల చప్పుడు పైకొచ్చింది. తొందరలేని అడుగులు. వెదర్‌బీ గుమ్మంలో ఆగాడు. బల్లమీద పరిచిన కాగితాల్ని చూశాడు, బొమ్మని చూశాడు, చీటీని చూశాడు. అతని మొహంలో భయమేమీ కనిపించలేదు. గడువు దగ్గరపడ్డ పని గురించి ఆలోచిస్తున్నట్టుంది అంతే. ప్రూయిట్ నడుముకున్న పిస్తోలు మీద చెయ్యి వేసేలోపు వెదర్‌బీ వెనక్కి ఒక్క అడుగు వేసి తలుపు లాగేశాడు. బయట తాళం తిరిగింది. ఈ గదిలో రాళ్ళు బవేరియా నుంచి ఓడలో వస్తాయి, ఒక్కొక్కటీ బంగారం ఖరీదు. అందుకని తలుపుని ఇనుప పట్టీలేసి కట్టించారు.

"వెదర్‌బీ! తలుపు తియ్యి!" ప్రూయిట్ భుజంతో గుద్దాడు. తలుపు కదల్లేదు. "మర్ఫీ! డోలన్! ఆ మనిషిని పట్టుకోండి!"

కింద వీధితలుపు దగ్గర కాపలా ఉన్న ప్రూయిట్ మనుషులకి ఆ కేకలు అందలేదు. వాళ్ళకి అందింది వెదర్‌బీ మెత్తటి మాట. ఏం చెప్పాడో మాకు వినిపించలేదు. కెప్టెన్ గారు తీయమన్నారు అనే చెప్పుంటాడు. గడియలు తీసిన చప్పుడైంది. వీధిలో అరుపులు ఒక్కసారిగా ఆగిపోయాయి. నేను పగిలిన కిటికీలోంచి తొంగిచూశాను.

వెదర్‌బీ మెట్టు మీద నిలబడి, టోపీ తీసి చేత్తో పట్టుకుని, మా కిటికీ వైపు వేలు చూపిస్తున్నాడు. "బాబూ, నేను చూస్తూ ఊరుకోలేకపోయాను!" అంటున్నాడు, ఏడుపు గొంతుతో. "మీ కెప్టెన్ ఆ డచ్చోడి బేడీలు విప్పేశాడు! టటిల్‌తో కలిసి వాణ్ణి దాటించేస్తున్నాడు! కావాలంటే వెళ్ళి చూసుకోండి, చేతులకి బేడీలున్నాయేమో!"

ప్రూయిట్ నన్ను నెట్టి కిటికీలోంచి సగం బయటికి వంగాడు. "అబద్ధం! నేను ప్రూయిట్‌ని! నా మాట వినండి! డగన్‌ని చంపింది వాడే, ఆ మెట్టు మీద..."

ఇటుక వాడి నుదుటికి తగిలింది. వెనక్కి పడబోతుంటే పట్టుకున్నాను. కనుబొమ మీంచి నెత్తురు కారుతోంది, తుడుచుకోవడం కూడా మర్చిపోయాడు. "ఆ కుర్రాళ్ళందరితో నేను చేతులు కలిపాను టటిల్," అన్నాడు. "ఒక్కొక్కడి పేరూ తెలుసు నాకు." వాడి గొంతులో మొదటిసారి భయం విన్నాను. నాకు సంతోషం కలగలేదు.

మెట్లమీద బూట్లు మోగాయి. పదులకొద్దీ బూట్లు. మధ్యలో కాస్పర్ గొంతు, "కాదండీ, తప్పు, తప్పు, ఆగండి," అంటూ, తర్వాత ఏదో దొర్లిన చప్పుడు, తర్వాత ఆ గొంతు లేదు.

"బల్ల అడ్డం పెట్టండి," అన్నాను. నలుగురం కలిసి రాళ్ళబల్లని తలుపుకి తోశాం. ఫీబిగ్ డగన్ బొమ్మ గీసిన రాయిని ఎత్తి దానిమీద పెట్టాడు, బరువు కోసం. ప్రూయిట్ నడుముకున్న రెండో పిస్తోలు తీసి అతనికివ్వబోయాడు. "కాల్చడం వచ్చా?"

"రాదు," అన్నాడు ఫీబిగ్.

"ఇలా ఇవ్వండి," అని క్లారా అందుకుంది. సాక్ష్యం కాగితాన్ని మాత్రం నేను మడిచి చొక్కా లోపల పెట్టుకున్నాను. ఆ కాగితం ఉంటే ఫీబిగ్ బతుకుతాడు, అది పోతే మా నలుగురి మాటా ఎవడూ నమ్మడు. ఈ సంగతి నాకెంత బాగా తెలుసో ఇంకొకడికీ అంతే బాగా తెలుసు.

బూట్లు తలుపు అవతల ఆగాయి. ఊపిరి పీల్చుకుంటున్న చప్పుడు కూడా వినిపిస్తోంది. వాళ్ళ మధ్యలోంచి వెదర్‌బీ గొంతు, ఎప్పటిలాగే మెత్తగా, గిరాకీతో మాట్లాడుతున్నట్టు వచ్చింది.

"తాళంచెవి ఎక్కడో పడిపోయింది బాబూ, పగలగొట్టండి. లోపల నలుగురుంటారు. వాళ్ళ దగ్గర డగన్ చివరి చేతిరాత ఉంది, అదొక్కటీ చిరగకుండా నా చేతికివ్వండి. ఆ నలుగుర్నీ ఏం చేస్తారో మీ ఇష్టం."

తలుపు మీద మొదటి గొడ్డలి పడింది.